క్రాకోవ్‌లో దొరికే ఆ ఒక్క పూట విశ్వవిద్యాలయం చూడండి

మీరు పోలండ్ రాజధాని వార్సాలో పీహెచ్‌డీ చేస్తున్నారు, అదే దేశంలోని క్రాకోవ్‌లో రెండు రోజుల వర్క్‌షాప్ ఉంది, రైల్లో వెళ్తే మంచిదా, మధ్యలో దొరికే ఒక పూటలో ఏం చూడాలి అని అడిగారు. నేనూ ఇలాంటి పని మీదే వార్సా నుంచి వెళ్ళొచ్చాను. నిస్సందేహంగా రైలే ఎక్కండి.

పెండొలీనో అనే వేగపు రైలు సుమారు రెండున్నర గంటల్లో చేరుస్తుంది. దాన్ని నడిపే పోలండ్ రైల్వే సంస్థ పీకేపీ ఇంటర్‌సిటీ దగ్గర టికెట్ ముందుగా కొంటే చవక. సీటు నంబరు టికెట్ మీదే ఉంటుంది కాబట్టి చోటు కోసం టెన్షన్ అక్కర్లేదు. కాకపోతే బోర్డు మీద ప్లాట్‌ఫారం నంబరు, పట్టాల నంబరు విడివిడిగా రాస్తారు. మన స్టేషన్ల అలవాటుతో ఒక్కటే చూసి ఆగిపోకండి, రెండూ చూసుకోండి.

వీలైతే ముందురోజు సాయంత్రానికే చేరండి. స్టేషన్ నుంచి పాత ఊరికి నడకే. ఫ్లోరియన్ ద్వారం దాటి నేరుగా వెళ్తే 1257 నాటి పెద్ద చౌక్ వస్తుంది. సెయింట్ మేరీ చర్చి గోపురం మీంచి గంటగంటకీ ఊదే బూర పాట మధ్యలోనే తెగిపోతుంది. శత్రువుల రాకను హెచ్చరిస్తున్న కాపలాదారుడికి గొంతులో బాణం తగిలిందని అక్కడ కథగా చెబుతారు.

ఖాళీ పూట మాత్రం యాగెల్లోనియన్ విశ్వవిద్యాలయానికే ఇవ్వండి. చదువు పని మీద వెళ్ళేవాళ్ళు ఆ ఊళ్ళో ముందు చూడాల్సింది అదేనని నా గట్టి అభిప్రాయం. 1364లో పోలండ్ రాజు కజిమీర్ స్థాపించాడు. ఖగోళ శాస్త్రవేత్త కోపర్నికస్ 1491లో ఇక్కడే చేరాడు. కొలేగియం మాయుస్ అనే పాత భవనంలో, చుట్టూ కమానులున్న ఇటుకల ప్రాంగణంలో కాసేపు కూర్చోండి. లోపలి మ్యూజియంలో 1510 ప్రాంతంలో చేసిన చిన్న గ్లోబు ఉంది, దాని మీద అప్పటికే అమెరికా పేరు కనిపిస్తుంది.

అక్కడికి దగ్గర్లోనే విశ్వవిద్యాలయానిదే ఇంకో భవనం, కొలేగియం నోవుమ్. 1939 నవంబరు 6న, పోలండ్‌ను ఆక్రమించిన నాజీలు ఉపన్యాసం ఉందని అధ్యాపకులను ఈ భవనానికే పిలిపించి, 180 మందికి పైగా అరెస్టు చేశారు. ఎక్కువమందిని సక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. కొందరు అక్కడే చనిపోయారు. అయినా అధ్యాపకులు 1942 నుంచి ఇళ్ళల్లో రహస్యంగా తరగతులు నడిపారు. తర్వాత పోప్ జాన్ పాల్ 2 అయిన కరోల్ వొయ్‌తీవా అలా చదివినవారిలో ఒకరు. పాఠం చెప్పడానికీ వినడానికీ ప్రాణాలకు తెగించిన మనుషుల చోటు అది. అక్కడ నిలబడ్డాక మర్నాడు వర్క్‌షాప్‌లో మాట్లాడటం నాకు ఎప్పటిలా అనిపించలేదు.

తిండికి పాల బార్లు అనే చవక హోటళ్ళున్నాయి. శాకాహారులైతే బంగాళాదుంప, చీజ్ పెట్టిన పియెరోగి (మన కజ్జికాయల ఆకారంలో ఉడికించే పిండివంట) అడగండి. పైన పంది కొవ్వు ముక్కలు చల్లే అలవాటుంది, వద్దని ముందే చెప్పండి.

నాజీల నిర్బంధ శిబిరం ఉన్న ఆష్విట్జ్ కూడా అదే పూటలో చుట్టేద్దామని చాలామంది అనుకుంటారు. దయచేసి వద్దు. అది దాదాపు 70 కిలోమీటర్ల దూరం, ముందుగా బుక్ చేసుకోవాలి, ఒక రోజంతా కావాలి. మీరుండేది వార్సాలోనే కాబట్టి దానికోసం విడిగా ఇంకోసారి రండి.