గ్రీన్‌కి చిల్లులు పొడిచే ముందు మాకో మాట చెప్పొద్దా?

ప్రశ్న: మేం నలుగురం తిరుపతి నుంచి నెలకోసారి చెన్నై వైపు వెళ్లి గోల్ఫ్ ఆడతాం. పోయిన నెల ఆదివారం స్లాట్‌ను ఆన్‌లైన్‌లో బుక్ చేసి, నలుగురికీ పూర్తి ఫీజు కట్టాం. తెల్లారగట్ల మూడింటికి లేచి బయలుదేరాం. తీరా మొదటి గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి జాగా) ఎక్కితే జల్లెడలా చిల్లులు, పైన ఇసుక. పద్దెనిమిది గ్రీన్లూ అంతే. అడిగితే ‘ఏటా చేసేదే సార్’ అన్నారు. బుక్ చేసేటప్పుడే చెప్పాల్సిన బాధ్యత వాళ్లకు లేదా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉంది. ‘ఏటా చేసేదే’ అన్న ఆ మాటే మీ వాదనకు బలం. ఏటా చేసేదాని తేదీ వాళ్లకు ముందే తెలుసు.

తెలియకుండా ఈ పని జరగదని చెప్పడానికి చిన్న లెక్క చాలు. 12, 13 మిల్లీమీటర్ల వెడల్పున్న బోలు గొట్టాలను గ్రీన్‌లోకి దించి, మట్టి కడ్డీలను బయటికి లాగుతారు. గడ్డి వేళ్లకు గాలి ఆడేలా చేసే ఈ పనినే ఎయిరేషన్ అంటారు. రెండు చిల్లుల మధ్య దూరం సుమారు 50 మి.మీ. అంటే చదరపు మీటరుకు 400 చిల్లులు. లోతు 75 మి.మీ. అనుకుంటే, చదరపు మీటరులోని చిల్లులు పూడ్చడానికే మూడున్నర లీటర్లకు పైగా ఇసుక కావాలి. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కి 1.8 ఘనపు మీటర్లు, పద్దెనిమిది గ్రీన్లకు 33 ఘనపు మీటర్లు. బరువులో దాదాపు 50 టన్నులు. అంత ఇసుక తెప్పించి, జల్లెడ పట్టించి, ఆరబెట్టి, మిషన్‌ని, మనుషుల్ని సిద్ధం చేసుకుంటే గానీ మొదటి చిల్లు పడదు. కాబట్టి తేదీ వారాల ముందే ఖాయమై ఉంటుంది. బుకింగ్ పేజీలో ఒక్క వాక్యం రాయడానికి అడ్డేముంది?

అయితే పని మీద మాత్రం కోపం పెట్టుకోకండి. గ్రీన్ మీద ఉండే బెర్ముడా గడ్డి మనం వినాయకుడికి పెట్టే గరికే. అందులో మరీ పొట్టిగా, ఒత్తుగా పెరిగే సంకర రకాలను గ్రీన్లకు వాడతారు. దాన్ని 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఎత్తులో కత్తిరిస్తూ, రోజూ వందల అడుగులతో తొక్కుతూ, పైన మిషన్లు నడుపుతూ ఉంటే కింద మట్టి బిగుసుకుపోతుంది. ఎండిన కాడలు, వేళ్లు పోగై మట్టికీ ఆకుకీ మధ్య మెత్తటి చాపలా పేరుకుంటాయి. నీళ్లు ఆ చాపలోనే ఆగిపోతాయి. కిందికి గాలి అందదు, వేళ్లు లోతుకు దిగవు. వానాకాలంలో పైన పాచి పడుతుంది. ఎండాకాలంలో ఎంత నీళ్లు పెట్టినా పైపై వేళ్లు మాడిపోయి మచ్చలు మచ్చలుగా చస్తుంది. మట్టి కడ్డీ తీసి ఇసుక నింపితే ఆ దారిలో నీళ్లు దిగుతాయి, కొత్త వేరు దిగుతుంది. ఈ పని ఎగ్గొట్టిన మైదానం ఒకటి రెండేళ్లు బాగానే కనిపించి, ఒక వేసవిలో ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది.

తిరుపతివారికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. శ్రీవారి ఆలయంలో కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం ఏటా నాలుగుసార్లు జరుగుతుంది. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగింటికీ ముందొచ్చే మంగళవారం. గర్భాలయం మొదలుకొని గోడలు, పైకప్పు, పూజా సామగ్రి దాకా అన్నీ కడిగి, పరిమళ ద్రవ్యం పూస్తారు. ఆ కొన్ని గంటలు దర్శనం ఆగుతుంది, ఆ రోజు రద్దయ్యే సేవలేవో ముందే ప్రకటిస్తారు. శుద్ధి ఎందుకు చేస్తున్నారని ఏ భక్తుడూ అడగడు, ఎందుకంటే తేదీ తెలిసే కొండెక్కుతాడు. లక్షల మంది వచ్చిపోయే చోట చేయగలిగిన పని, రోజుకు ఏ వందమందో వచ్చే మైదానం చేయలేకపోవడానికి కారణం మాకు కనిపించడం లేదు.

ప్రశ్న: చిత్తూరు నుంచి బెంగళూరుకు వెళ్లి ఆడతాను. ఫోన్ చేసి ‘గ్రీన్లు ఎలా ఉన్నాయి?’ అంటే ప్రతిసారీ ‘బాగున్నాయి సార్’ అంటారు. సరైన సమాధానం రావాలంటే ఎలా అడగాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ‘ఎలా ఉన్నాయి’ అని అడిగితే ‘బాగున్నాయి’ అనే వస్తుంది. తేదీ అడగండి. ‘గ్రీన్లకు ఎయిరేషన్ ఆఖరుసారి ఏ తేదీన చేశారు, మళ్లీ ఎప్పుడు?’ రిసెప్షన్‌లో తెలియదంటే ఆటగాళ్లను వరసగా ఆటకు పంపే స్టార్టర్‌కి గానీ, మైదానం చూసుకునే సూపరింటెండెంట్ ఆఫీసుకు గానీ కలపమనండి. తేదీ వచ్చాక రెండో ప్రశ్న: ‘బోలు గొట్టాలా, సన్న సూదులా?’ తేడా అంతా ఇక్కడే ఉంది.

6 నుంచి 8 మి.మీ. సూదులతో పొడిస్తే మట్టి బయటికి రాదు. మూడు నాలుగు రోజుల్లో పుట్టింగ్, అంటే గ్రీన్ మీద బంతిని హోల్ వైపు దొర్లించడం, దాదాపు మామూలైపోతుంది. గడ్డిని నిలువు బ్లేడ్లతో పైపైన గీరినా, పలచగా ఇసుక చల్లినా అంతే. బోలు గొట్టాలతో మట్టి తీస్తే మాత్రం వెచ్చటి రోజుల్లో కూడా రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి నాలుగైదు రోజులు బంతి గెంతుతూ పోతుంది. ఇసుక బ్లేడ్ల పదును తినేస్తుందని ఆ రోజుల్లో కోత తగ్గిస్తారు, కోసినా ఎత్తు పెంచి కోస్తారు. అందుకే గ్రీన్ నెమ్మదిస్తుంది. వారం గడిచేసరికి చిల్లు అంచుల నుంచి పచ్చదనం లోపలికి పాకుతుంది. పది పన్నెండు రోజులకు రోలర్ పడి, బంతి దారి సాఫీ అవుతుంది. రెండు వారాలు దాటాక పొద్దున్నే ఏటవాలు ఎండలో చూస్తే తప్ప గుంటల జాడ తెలియదు.

ఈ లెక్క గరిక ఉరకలేసి పెరిగే రోజులది. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు రాత్రులు చల్లబడతాయి, గరికకు చలి గిట్టదు. ముసురు పట్టి ఎండ తగలకపోయినా పెరుగుదల మందగిస్తుంది. అప్పుడు మూడు వారాల పని అయిదు వారాలకు సాగినా ఆశ్చర్యపోకండి. తెలిసిన సూపరింటెండెంట్లు వేడి, వెలుగు పుష్కలంగా ఉండే నెలలే చూసుకుంటారు. మార్చి నుంచి వానలు ముదిరే లోపు బుక్ చేస్తుంటే ఈ రెండు ప్రశ్నలూ తప్పకుండా వేయండి.

గ్రీన్లు కాక మరో మూడు సంగతులు కూడా అడగండి. ఏ హోల్‌కైనా అసలు గ్రీన్‌కి బదులు తాత్కాలిక గ్రీన్ పెట్టారా? ఆటగాళ్లు తిరిగే కార్టును ఫెయిర్‌వే (గ్రీన్ దాకా కోసి ఉంచే గడ్డి దారి) మీదికి రానిస్తారా, రోడ్డు మీదే ఆపాలా? మొదటి షాట్ కొట్టే టీ బాక్సులు ఏవైనా మూసి ఉన్నాయా? మోకాళ్ల నొప్పులున్నవారికి రెండోది చిన్న సంగతి కాదు. కార్టు రోడ్డు దాటకపోతే ప్రతి షాట్‌కీ అడ్డంగా నడిచి వెళ్లి రావాలి. పద్దెనిమిది హోల్స్ పూర్తయ్యేసరికి అది కిలోమీటర్ల లెక్కలోకి వెళ్తుంది.

ప్రశ్న: ఎయిరేషన్ చేసిన గ్రీన్ మీద బంతి సరిగ్గా చిల్లులో కూర్చుంది. పక్కకు జరిపితే తోటి ఆటగాడు పెనాల్టీ అన్నాడు. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఆ రోజు అక్కడ దీనికి లోకల్ రూల్ (ఆ మైదానం సొంతంగా అమలు చేసే నియమం) పెట్టి ఉంటే మీది, లేకపోతే ఆయనది. మైదానం సిబ్బంది తవ్విన గుంటను గోల్ఫ్ నియమాలు బంతిని పెనాల్టీ లేకుండా జరపగల మరమ్మతు స్థలంగానే చూస్తాయి, కానీ ఎయిరేషన్ చిల్లులను అందులోంచి మినహాయించాయి. గ్రీన్ మీద చెప్పుల గీతలు, బంతి పడిన గుంటలు సరిచేసుకోవచ్చు. ఎయిరేషన్ చిల్లుల్ని గానీ, నిలువు కోత గీతల్ని గానీ సరిచేయకూడదని నియమం 13.1సి చెబుతుంది. గ్రీన్ పైన చెదిరి ఉన్న ఇసుకను మాత్రం పెనాల్టీ లేకుండా తుడిచేయవచ్చు.

మైదానం కమిటీ ఇ-4 అనే నమూనా లోకల్ రూల్‌ను అమల్లో పెడితే, చిల్లులో ఉన్న లేదా చిల్లును తాకుతున్న బంతిని తీసి, హోల్‌కు దగ్గర కాకుండా, ఇబ్బంది తొలగే అతి దగ్గరి చోట పెట్టుకోవచ్చు. చిల్లు మీ పుట్ దారిలో మాత్రమే ఉంటే, లేదా కాలి కింద ఉంటే ఈ సౌకర్యం వర్తించదు. స్కోరు కార్డు వెనకో, స్టార్టర్ దగ్గరి బోర్డు మీదో ఈ రూల్ ఉందేమో మొదటి టీ కొట్టకముందే చూసుకోండి. తాత్కాలిక గ్రీన్ వాడుతున్న హోల్‌లో అసలు గ్రీన్ మీద బంతి ఆగితే అక్కడి నుంచి ఆడకూడదు, పెనాల్టీ లేకుండా పక్కన డ్రాప్ చేసుకోవాల్సిందే, అంటే చేత్తో బంతిని కిందికి వదలాల్సిందే.

ప్రశ్న: నాది పలమనేరు. బెంగళూరు దగ్గర ఒక మైదానంలో బుకింగ్ చూస్తాను. ఎయిరేషన్ తేదీ ముందే చెబితే ఆ రెండు వారాలు ఒక్కరూ రారని మా పైవాళ్ల భయం. చెప్పాలని నాకుంది. ఎలా ఒప్పించాలి?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: మీలాంటివారు లోపల ఉండడం మాకు సంతోషం. పైవాళ్లతో రేటు సంగతి మాట్లాడండి. బోలు గొట్టాల పని తర్వాత మొదటి వారం ఫీజు బాగా తగ్గించి, రెండో వారం కొంచెం పెంచి, మూడో వారం మామూలు ధరకు రండి. పుట్టింగ్ ఎలా ఉన్నా పర్వాలేదు, నాలుగు దూరపు షాట్లు కొట్టి నడిచొస్తే చాలనుకునే కొత్తవాళ్లు, పిల్లలకు నేర్పేవాళ్లు, పెన్షనర్లు ఆ ధరకు వస్తారు. దూరం నుంచి వచ్చేవాళ్లు తేదీ మార్చుకుంటారు, మీ దగ్గరికే వస్తారు. చెప్పకుండా పూర్తి ఫీజు తీసుకున్న నలుగురు మాత్రం ఇంకో మైదానం వెతుక్కుంటారు.

వీలుంటే ఈసారి తొమ్మిది గ్రీన్లు, నెల తర్వాత మిగతా తొమ్మిది చేయించండి. మిషన్, కూలీల ఖర్చు కాస్త పెరుగుతుంది గానీ ఆట పూర్తిగా చెడదు.

ప్రకటన పొడుగ్గా అక్కర్లేదు. ‘ఫలానా తేదీల్లో 1 నుంచి 18 వరకు అన్ని గ్రీన్లకు బోలు గొట్టాల ఎయిరేషన్, ఇసుక. మామూలు స్థితికి ఫలానా తేదీ నాటికి వస్తాయని అంచనా. అప్పటివరకు ఫీజు ఇంత.’ ఇవి చాలు. ‘నిర్వహణ పనుల వల్ల అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని మాత్రం రాయకండి, అందులో ఆటగాడికి తెలిసేదేమీ ఉండదు. స్లాట్ ఎంచుకునే తెర మీద, డబ్బు కట్టే బటన్‌కి పైన పెట్టండి. గేటు దగ్గర బోర్డు పెట్టడం ఎందుకూ కొరగాదు, అప్పటికే మనిషి మూడు గంటలు కారు నడిపి వచ్చేశాడు. ముందే బుక్ చేసుకున్నవాళ్లకు తేదీ ఖాయమైన రోజే మెసేజ్ పంపి, డబ్బు వాపసా, తేదీ మార్పా అని అడగండి. వాన వల్ల పని వాయిదా పడితే ఇంకో మెసేజ్.

ప్రశ్న: గ్రీన్లకు ఎయిరేషన్ చేసిన సంగతి చెప్పకుండా పూర్తి ఫీజు తీసుకున్నారు. వెనక్కి అడిగితే ‘నో రీఫండ్’ అని రసీదు చూపిస్తున్నారు. ఇక చేసేదేమీ లేదా?
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: ఉందమ్మా. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సేవాలోపాన్ని నిర్వచిస్తూ, వినియోగదారుడికి తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడాన్నీ అందులో చేర్చింది. రసీదు మీద అచ్చువేసిన రెండు ముక్కలు చట్టాన్ని కొట్టేయలేవు. కానీ దాచారని చూపించాల్సింది మీరు. అందుకు బుకింగ్ పేజీ స్క్రీన్‌షాట్, అందులో హెచ్చరిక లేదని కనిపించేలా పై నుంచి కింది దాకా తీసి ఉంచుకోండి. డబ్బు కట్టిన రసీదు, గ్రీన్ల ఫోటోలు తేదీ, సమయంతో. చిల్లు పక్కన గోల్ఫ్ బంతి పెట్టి ఫోటో తీస్తే కొలత తెలుస్తుంది, బంతి వ్యాసం 42.67 మి.మీ.కు తగ్గదు.

ముందు మైదానానికే ఈమెయిల్ రాయండి. పని ఏ తేదీన జరిగింది, మీరు బుక్ చేసింది ఏ తేదీన, ఎంత వాపసు కోరుతున్నారు, మూడూ స్పష్టంగా ఉండాలి. పదిహేను రోజులు గడువివ్వండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మైదానం చెన్నైలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేసే వీలును ఈ చట్టం ఇచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే కమిషన్ ఫీజు లేదు. సంఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. గ్రీన్లు చూశాక పద్దెనిమిది హోల్సూ ఆడేసి, తర్వాత మొత్తం డబ్బు వెనక్కి అడిగితే వాదన పలచబడుతుంది. మొదటి గ్రీన్ దగ్గరే ఆగి, స్టార్టర్ దగ్గరికి వెళ్లి, అభ్యంతరాన్ని కాగితం మీద రాసిచ్చి, దాని ఫోటో తీసుకోండి. ఆ తర్వాత ఆడాలనుకుంటే, ఫీజులో కొంత వాపసు కోరుతూ ఆడుతున్నామని ఆ కాగితంలోనే రాయండి.