ఫైండ్ కమాండ్‌లో "-ఎంటైమ్ +1" ఇస్తే నిన్నటి ఫైలు ఎందుకు రాదు?

ఫైండ్ అనేది లినక్స్ లాంటి సిస్టమ్‌లలో ఫైళ్లు వెతికే కమాండ్, "-ఎంటైమ్" (-mtime) అందులో ఫైలు మారి ఎన్ని రోజులైందో చూసే ఆప్షన్. "-ఎంటైమ్ +1" ఏరేది ఒక రోజు దాటిన ఫైళ్లను కాదు, మార్చి కనీసం 48 గంటలైన వాటిని.

కారణమంతా ఫైండ్ వయసు లెక్కగట్టే తీరులో ఉంది. ఫైలును చివరిసారి మార్చినప్పటి నుంచి కమాండ్ నడిపిన క్షణం దాకా ఎంతసేపైందో చూసి, 24 గంటలతో భాగించి, శేషాన్ని వదిలేస్తుంది. పుట్టినరోజు వచ్చేదాకా మన వయసు పెరగనట్టే. మిగిలిన పూర్ణసంఖ్య 1 కన్నా ఎక్కువుంటేనే "+1"కి సరిపోతుంది, అంటే 2 కావాలి.

సోమవారం ఉదయం 10కి మారిన లాగ్ ఫైలు ఒకటుందనుకోండి. మంగళవారం సాయంత్రం 6కి దాని వయసు 32 గంటలు. భాగిస్తే 1, పైనున్న 8 గంటలు లెక్కలోకే రావు. కాబట్టి "-ఎంటైమ్ 1"కి దొరుకుతుంది, "+1"కి దొరకదు. బుధవారం ఉదయం 10 దాటాకే వస్తుంది. 24 గంటలు దాటినవన్నీ కావాలంటే "-ఎంటైమ్ +0" ఇవ్వాలి. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ సరైనది అదే.

ఎక్కువమంది పొరబడేది "-ఎంటైమ్ 1" అంటే క్యాలెండర్‌లో నిన్న అనుకుని. దానికి అర్ధరాత్రితో సంబంధం లేదు. నిజంగా నిన్నటి తేదీవే కావాలంటే, లినక్స్‌లో సాధారణంగా ఉండే గ్నూ ఫైండ్‌లో "-ఎంటైమ్ 1"కి ముందు "-డేస్టార్ట్" (-daystart) చేర్చాలి. వెనక పెడితే పనిచేయదు. ఫలానా తేదీ తర్వాత మారినవైతే "-న్యూయర్‌ఎంటీ" (-newermt) పక్కన ఆ తేదీ రాస్తే చాలు.