బయట తిరిగే స్టాఫ్ కోసం మైనెట్‌వర్క్స్ తెరిచిపెట్టకండి

మీ సేల్స్ వాళ్లు బయటనుంచి ఆఫీసు పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, అందుకునే సాఫ్ట్‌వేర్) సర్వర్ ద్వారా మెయిల్ పంపబోతే 'రిలే యాక్సెస్ డినైడ్' (ఈ మెయిల్‌ను బయటికి చేరవేయను) అని వస్తోంది, వాళ్ల నెట్ కంపెనీ ఐపీ రేంజ్ మొత్తం మైనెట్‌వర్క్స్‌లో (సర్వర్ పాస్‌వర్డ్ అడక్కుండా నమ్మే ఐపీల జాబితా, mynetworks) పెట్టేస్తే సరిపోతుందా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. నేను చేసి అనుభవించాను.

ఒంగోలులో ఒక గ్రానైట్ ఎగుమతుల ఆఫీసు మెయిల్ సర్వర్ నేను చూసుకునేవాణ్ని. చీమకుర్తి క్వారీ దగ్గరుండే సూపర్‌వైజర్ బ్లాకుల కొలతలు, ఫొటోలు డాంగిల్ పెట్టుకుని బయ్యర్లకు పంపాలి. డాంగిల్ తగిలించిన ప్రతిసారీ ఐపీ మారిపోయేది, రోజూ ఫోను, "అన్నా, మెయిలు పోవట్లేదు" అని. విసుగొచ్చి ఆ రేంజ్ అంతా కలిపేశాను. ఆ రేంజ్‌లో ఉండేది మా సూపర్‌వైజర్ ఒక్కడే కాదు గదా, ఆ నెట్ వాడేవాళ్లందరూ, వైరస్ పట్టిన వాళ్ల కంప్యూటర్లతో సహా, మా సర్వర్‌కి సొంతవాళ్లయిపోయారు. ఒక సోమవారం పొద్దున మెయిల్‌క్యూ (పోవడానికి వరసలో ఉన్న మెయిళ్లు చూపే కమాండ్) అని కొడితే స్క్రీన్ ఆగకుండా పైకి పోతానే ఉంది, అన్నీ ముక్కూమొహం తెలియని అడ్రసులు, వాటి మధ్యలో మావాళ్ల ఇన్‌వాయిస్‌లు ఇరుక్కుని ఉన్నాయి. మా ఐపీ స్పామ్ పంపేవాళ్ల బ్లాక్‌లిస్టులో పడింది. అందులోంచి తీయించుకునేదాకా బయ్యర్లకు మెయిళ్లు అందలేదు, సరుకు సిద్ధంగా ఉన్నా కాగితాలు కదల్లేదు. ఆ టెన్షన్ మీకొద్దు.

మనిషిని పాస్‌వర్డ్‌తో గుర్తుపట్టాలి, ఐపీతో పట్టలేం. మైనెట్‌వర్క్స్‌లో 127.0.0.0/8 (అంటే ఆ సర్వర్ మాత్రమే) ఒక్కటే ఉంచండి. 25 పోర్టు లోకమంతా మీకు మెయిల్ తెచ్చిచ్చే దారి, దాన్ని మూయకూడదు, కానీ అక్కడ మీ డొమైన్‌కి వచ్చేవి మాత్రమే తీసుకోవాలి. మీవాళ్లు పంపడానికి 587 పోర్టు వేరుగా తెరిచి, టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే ఎన్‌క్రిప్షన్) తప్పనిసరి చేసి, డవ్‌కాట్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ చెక్ పెట్టండి. ఎవరి మెయిల్ బయటికి చేరవేయాలో చెప్పే రిలే రెస్ట్రిక్షన్స్‌లో (smtpd_relay_restrictions) పర్మిట్ మైనెట్‌వర్క్స్, పర్మిట్ సాస్ల్ అథెంటికేటెడ్ (పాస్‌వర్డ్‌తో లాగిన్ అయినవాళ్లకు అనుమతి), చివర రిజెక్ట్ అనాథ్ డెస్టినేషన్ (మిగతావాళ్లు బయటి డొమైన్లకు పంపేవి తిప్పికొట్టడం), ఇదే వరసలో ఉండాలి. ఈ సెట్టింగ్ పోస్ట్‌ఫిక్స్ 2.10 నుంచి విడిగా ఉంది. ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో ఒక్కసారి సెట్ చేసిస్తే క్వారీలో ఉన్నా చెన్నైలో ఉన్నా మెయిల్ పోతుంది.

మా రౌటర్‌తో ఇంకో చిక్కు వచ్చింది. బయటి కనెక్షన్లన్నీ తన లోపలి ఐపీతోనే వచ్చినట్టు సర్వర్‌కి చూపిస్తోంది. ఆఫీసు ల్యాన్ మైనెట్‌వర్క్స్‌లో ఉంటే ఇక అంతే, ఊరందరికీ తలుపు తెరిచినట్టే. లాగ్‌లో బయటినుంచి వచ్చేవాళ్ల అసలు ఐపీ పడుతోందో లేదో తప్పకుండా చూడండి.

పాస్‌వర్డ్ పెట్టాం గదా అని వదిలేయొద్దు, ఒక్కరి పాస్‌వర్డ్ పోయినా మళ్లీ అదే కథ. ఊరికే పాస్‌వర్డ్‌లు కొట్టి చూసేవాళ్లను ఫెయిల్‌టూబ్యాన్ అనే ప్రోగ్రామ్ ఆపుతుంది. లాగిన్ అయినవాళ్లు తమ అడ్రసుతోనే పంపేలా, గంటకు ఇన్నే అని హద్దు ఉండేలా కూడా పెట్టండి.

అన్నీ అయ్యాక ఆఫీసు వైఫైలోంచి కాకుండా మొబైల్ హాట్‌స్పాట్ మీదనుంచి పరీక్షించండి. చాలా నెట్ కంపెనీలు 25 పోర్టును బయటికి పోనివ్వవు, అప్పుడు ఎక్కడైనా అద్దె సర్వర్ నుంచి చేయాలి. లాగిన్ లేకుండా 25 పోర్టుకి టెల్నెట్ (సర్వర్‌తో నేరుగా మాట్లాడే కమాండ్) కొట్టి, మెయిల్ అందుకోవాల్సిన అడ్రసుగా (RCPT TO) బయటి డొమైన్ అడ్రసొకటి ఇవ్వండి. దానికి 554 అని తిప్పికొడితే సరిగ్గా ఉన్నట్టు, 250 ఓకే అంటే పోస్ట్‌ఫిక్స్‌ను వెంటనే ఆపేసి ఆ వరస మళ్లీ చూసుకోండి.