బండ మీద అలల గీతలు

ప్రశ్న: సార్, మాది అచ్చంపేట దగ్గర పల్లె. మా చేన్ల పక్కనన్నీ గుండ్రటి గుండ్లే. ఉమామహేశ్వరం గుట్ట ఎక్కితే మాత్రం పలకల్లాంటి బండలు. ఒకదాని మీద చెరువు ఒడ్డు ఇసుకలో లాగా అలల గీతలున్నాయి. అక్కడ ఒకప్పుడు నీళ్లుండేవా?

జవాబు: ఉండేవి. మీరు చూసింది లోతు లేని నీళ్ల అడుగున అలలు ఇసుకను సర్దిన గుర్తు. ఆ ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి క్వార్ట్జైట్ అయింది. వంద కోట్ల ఏళ్లు దాటిన బండ అది. చెట్టూ జంతువూ లేని నేల మీది ఇసుక! ఆ గీతల మీద చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మీ చేన్లలోది గ్రానైట్. భూమి లోపల కరిగిన రాయి చల్లారి ఏర్పడింది, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గుట్ట మీద మీరు చూసిన నల్లమల పలకలు దాని మీదే పరుచుకున్నాయి. గ్రానైట్ పగుళ్ల వెంట మెత్తబడి, అంచులు రాలి గుండ్లవుతుంది. క్వార్ట్జైట్ అంత తేలిగ్గా అరగదు, అందుకే మీ గుట్ట ఉన్న అమ్రాబాద్ పీఠభూమి అంచు గోడలా నిలబడింది.

దయచేసి ఆ బండ మీద పేర్లు చెక్కనివ్వకండి.