టెక్ సందేహాలు: ఫాల్ సీలింగ్ వేయకముందే అడగండి, వకీలు సాబ్!

ప్రశ్న: నల్లగొండలో నలుగురు న్యాయవాదులం కలిసి మొదటి అంతస్తులో కొత్త ఆఫీసు తీసుకున్నాం. పెద్ద హాలు, వెనక ఒక చిన్న గది. డిజైనర్ అన్నీ గ్లాస్ పార్టిషన్లే అంటున్నారు, పైన జిప్సం ఫాల్ సీలింగ్. త్రీడీ బొమ్మలో బ్రహ్మాండంగా ఉంది. వైఫై, ఆన్‌లైన్ హియరింగ్‌ల కోసం ముందే ఏమేం చూసుకోవాలి?
– ఓ న్యాయవాది, నల్లగొండ

జవాబు: త్రీడీ బొమ్మకు చెవులుండవు, దానితో వచ్చిన చిక్కే అది. మీ దగ్గరికొచ్చే మనిషి భూమి తగాదానో, విడాకుల సంగతో, అన్నదమ్ముల పంపకమో చెప్పుకోవడానికి వస్తాడు. బయట కుర్చీలో కూర్చున్నది అవతలి పార్టీకి బావమరిదే కావచ్చు. నల్లగొండలో ఎవరికి ఎవరు చుట్టమో చెప్పడం కష్టం. క్లయింటు వకీలుకు చెప్పుకున్న మాటకు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 132వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. తలుపు సందులోంచి బయటికి పోయిన మాటను మాత్రం ఏ సెక్షనూ వెనక్కి తేలేదు. అందుకే వైఫై కన్నా ముందు గోడల సంగతి చెబుతాను.

మామూలుగా పార్టిషన్‌ను ఫాల్ సీలింగ్ దాకా లేపి అక్కడితో ఆపేస్తారు. దాని పైన, జిప్సం షీటుకూ స్లాబుకూ మధ్య ఉండే ఖాళీ అన్ని గదులకూ ఉమ్మడి. ఒక గదిలో మాట్లాడింది ఆ దారిన వెళ్లి పక్క గదిలో దిగుతుంది. గ్లాసు ఎంత మందం పెట్టించినా లాభం లేదు. కనీసం ఒక్క గదికైనా గోడను స్లాబు దాకా కట్టించండి. ఇటుకైనా సరే, రెండు పక్కలా షీటు వేసి మధ్యలో రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చుకునే రాతి నార) నింపినదైనా సరే. తలుపు అడుగు సందుకు రబ్బరు సీల్ వేయించండి, ఏసీ పైపు పోయే కన్నం పూడ్పించండి. గాలి దూరే చోట మాటా దూరుతుంది. మిగతా క్యాబిన్లు మీ డిజైనర్ ముచ్చటపడినట్టు గ్లాసులోనే ఉండనివ్వండి.

పని అయ్యాక, ఆఖరి బిల్లు కట్టకముందు ఒక పరీక్ష పెట్టండి. ఆ గదిలో ఫోన్లో వార్తలు మనిషి మాట్లాడేంత గొంతులో పెట్టి, తలుపు వేసి, బయట క్లయింట్లు కూర్చునే చోట కూర్చోండి. ఏదో గొణుగుడు వినిపిస్తే పర్లేదు. మాటలు అర్థమైతే కాంట్రాక్టర్‌ను మళ్లీ పిలవండి.

ఆన్‌లైన్ హియరింగ్‌కూ ఈ గదే వాడండి. నున్నటి టైల్స్, గ్లాసు, ఖాళీ గోడలు కలిస్తే మీ గొంతు కోర్టువారికి బావిలోంచి వచ్చినట్టుంటుంది. విరుగుడు మీ దగ్గరే ఉంది, పాత లా రిపోర్టుల బీరువా! అద్దం తలుపుల్లేని పుస్తకాల అర ఒక గోడకు, మందపాటి కర్టెన్ కిటికీకి ఉంటే ప్రతిధ్వని బాగా తగ్గుతుంది. కిటికీ మీ ఎదురుగా ఉండాలి తప్ప వెనక వద్దు, మొహం నల్లగా పడుతుంది. కెమెరా కళ్ల ఎత్తులో ఉంటే చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

ఇక వైఫై. హియరింగ్ జరిగే కంప్యూటర్‌కు వైఫై వద్దు, క్యాట్-6 నెట్ కేబుల్ లాగండి. ప్రతి టేబుల్‌కూ ఒక పాయింటు ఇప్పుడే వేయించండి. కరెంటు వైర్లు పోయే పైపులోనే దూర్చేస్తామంటారు ఎలక్ట్రీషియన్లు, ఒప్పుకోకండి, వేరే పైపు వేయమనండి. రౌటర్ కనబడితే అందం చెడుతుందని ఇనుప బీరువా వెనక దాచేవాళ్లున్నారు. ఇనుము సిగ్నల్‌ను ఆపేస్తుంది, కాంక్రీటు గోడ కూడా బాగా తగ్గిస్తుంది, ముఖ్యంగా 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్‌ను. వెనక గదికి కేబుల్‌తో ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) పెట్టుకోండి. రౌటర్‌కు చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనండి, అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ చూసుకుని మరీ. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు గానీ ఇన్వర్టర్‌కు గానీ తగిలించొద్దు. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు అవి తట్టుకోవు.

ప్రశ్న: ఈ-ఫైలింగ్ కోసం స్కానర్ కొంటున్నాం. కార్పెంటర్ దానికి అర చేస్తానన్నాడు. ఎంత సైజు చెప్పాలి?
– ఓ జూనియర్ న్యాయవాది, మిర్యాలగూడ

జవాబు: మెషిన్ కొన్నాకే అర చేయించండి. కొలిచేటప్పుడు మూత పూర్తిగా పైకి లేపి కొలవాలి, లేకపోతే ప్రతిసారీ మెషిన్‌ను బయటికి లాగుతూ కూర్చోవాలి. ముందుకు జరిగే ట్రే అయితే ఆ బాధ ఉండదు. కొత్త కాగితాలు ఏ4 వైపు వస్తున్నాయి (సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ నుంచి ఏ4కు మారింది), కానీ మీ దగ్గరికొచ్చే దస్తావేజులు పాతవి, పొడుగువి. మామూలు స్కానర్ల గాజు పలక ఏ4 వరకే, ఏ4 కన్నా పొడుగైన లీగల్ సైజు, పైన కాగితాలు లోపలికి లాక్కునే ఫీడర్లోనే పడుతుంది. కొనేముందు ఆ ఫీడర్ లీగల్ తీసుకుంటుందో లేదో అడగండి. స్కాన్ స్పష్టతకు 300 డీపీఐ చాలు. మడతల దగ్గర చిరిగిన స్టాంపు పేపర్లను, పెళుసెక్కిన పాత పహాణీలను మాత్రం ఫీడర్లో పెట్టకండి. అది క్లయింటు ఒరిజినల్. వాటికి ఫోన్ స్టాండు, రెండు పక్కల టేబుల్ లైటు, స్కానింగ్ యాప్ సరిపోతాయి.

ప్రశ్న: క్యాబిన్లో సీసీ కెమెరాకు ఆడియో కూడా పెట్టించమంటున్నారు. పెట్టించనా?
– ఓ న్యాయవాది, మహబూబ్‌నగర్

జవాబు: వద్దు. క్లయింటుతో మాట్లాడే గదిలో మైకే కాదు, కెమెరా కూడా వద్దు. గుమ్మం, వెయిటింగ్ హాలు, ఫైళ్ల గది గుమ్మం, అంతవరకే. అక్కడైనా గుమాస్తా టేబుల్ మీది కాగితాలు ఫ్రేములో పడకుండా తిప్పించండి. ఇంకొకటి, బిగించిన కుర్రాడు పరీక్ష కోసమని తన ఫోన్లో మీ కెమెరాలను కలుపుకుంటాడు, తీసేయడం మర్చిపోతాడు. యాప్‌లో ఎవరెవరికి యాక్సెస్ ఉందో మీరే చూసి, అతని పేరు తీసేసి, రికార్డర్ పాస్‌వర్డ్ మార్చండి. రికార్డర్ తాళం వేసిన అరలో ఉండాలి, గాలి ఆడేలా. ఆ ఫుటేజీ ఎప్పుడైనా కోర్టుకెక్కితే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంకేతం) రాయాలన్నది మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఆఫీసు ముందు ‘సివిల్ కేసుల స్పెషలిస్ట్’ అని ఎల్‌ఈడీ స్క్రోలింగ్ బోర్డు పెడదామనుకుంటున్నా. ఫోన్ నుంచి మార్చుకునేది ఏది మంచిది?
– ఓ న్యాయవాది, వనపర్తి

జవాబు: ఏదీ కొనకండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధన ప్రకారం బోర్డు తగుమాత్రం సైజులోనే ఉండాలి, ఫలానా రకం కేసుల్లో స్పెషలిస్టునని రాయకూడదు. 2008 సవరణ తర్వాత వెబ్‌సైట్ పెట్టుకోవచ్చు. పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువు, ఏ రంగాల్లో ప్రాక్టీసు చేస్తున్నారన్నది అందులో రాసుకోవచ్చు. బోర్డుకు అనుకున్న డబ్బుతో మెట్ల దగ్గర మంచి లైటు వేయించండి.