నెల కూనను తల్లి నుంచి విడదీయొద్దు

ప్రశ్న: గొర్రెల మందకు కాపలాగా ఉంటాయని నెల రోజుల కుక్కపిల్లలు రెంటిని కొని తెచ్చాం. గేదె పాలు పోస్తున్నాం. నాలుగు రోజులుగా పలచగా పారుకుంటున్నాయి. నట్టలేనని షాపతను ఇచ్చిన గొర్రెల మందు రెండుసార్లు తాగించాం. తగ్గలేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, ఉదయగిరి, నెల్లూరు జిల్లా

జవాబు: నట్టలు ఉండొచ్చు, కానీ అసలు తప్పు నెలకే తల్లిని మాన్పించడం. గేదె పాలలో లాక్టోజ్ (పాల చక్కెర) కుక్క పాలలో కన్నా ఎక్కువ, కూనలకు అరగదు. వెంటనే ఆపండి. తల్లి దగ్గర్లో ఉంటే ఈ రోజే తిరిగి చేర్చండి. వీలుకాకపోతే కుక్కపిల్లల పాలపొడి కలిపి, రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెం పట్టండి. మధ్యలో ఓఆర్‌ఎస్ నీళ్లు చెంచాతో ఇవ్వండి. మెడ మీద చర్మాన్ని పైకి లాగి వదలండి. అది నిదానంగా సర్దుకుంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. అలా ఉన్నా, వాంతులతో పాటు నెత్తురు కలిసిన దుర్వాసన విరేచనాలైనా పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బుగా అనుమానించి అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి. సెలైన్ ఎక్కించాలి.

గొర్రెల మందు ఇక ఒక్క చుక్క కూడా వద్దు. అలాంటి మందుల్లో కొన్ని కూనల ప్రాణం తీస్తాయి. ఆ సీసా డాక్టరుకు చూపించండి. బరువు చూడకుండా మందిచ్చే షాపు సలహా ఎందుకు వింటారు? కూనకు పైరాంటెల్ అనే నట్టల మందు కిలో బరువుకు 5–10 మి.గ్రా. చొప్పున 2 వారాల వయసులో మొదలుపెట్టి, 8 వారాలు నిండేదాకా 15 రోజులకోసారి ఇవ్వాలి. మీ కూనలకు విరేచనాలు కట్టాక డాక్టరును అడిగే ఇవ్వండి.

కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తోటి కూనను గట్టిగా కొరికితే అది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంతవరకు కొరకవచ్చో పిల్ల అక్కడే నేర్చుకుంటుంది. ముందే విడదీస్తే రేపు మీ గొర్రెపిల్లల మీదే పళ్లు దించొచ్చు. రెంటినీ కలిపే ఉంచండి.

టీకాలు మాత్రం మానొద్దు. పార్వో, డిస్టెంపర్ (ఇదీ వైరస్ జబ్బే) టీకా 6–8 వారాలకు మొదలుపెట్టి, 16 వారాల వయసు వరకు 3–4 వారాలకోసారి వేయించాలి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, తర్వాత ఏటా. జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం నాడు పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. కానీ గడువు దాటుతుంటే ఆ రోజు కోసం ఆగకండి.

ఇంకోమాట. చచ్చిన గొర్రె తలను కుక్కలకు వేయకండి. దాంతో కుక్కకు వచ్చే బద్దెపురుగు గుడ్లు మలంతో మేతలో పడటం వల్లే గొర్రెల మెదడులో నీటితిత్తి పడి గుండ్రంగా తిరుగుతాయి. మంద దగ్గరుండే పెద్ద కుక్కలకు మూణ్ణెల్లకోసారి ప్రాజిక్వాంటెల్ అనే బద్దెపురుగుల మందు కిలోకు 5 మి.గ్రా. చొప్పున వేయండి.