తూరా సతానా మీద వ్యాసం పంపిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికన్ నర్తకి, నటి తూరా సతానా మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాషలో తడి ఉంది. అయితే నాకు నిద్ర పట్టనివ్వనిది చివరి పేజీలోని ఒక వాక్యం: "1973 తర్వాత ఆమె మరుగున పడిపోయింది." ఆమె కన్నుమూసింది 2011 ఫిబ్రవరిలో. నడుమనున్న ముప్పై ఎనిమిదేళ్ళను ఒక్క ముక్కతో పాతిపెట్టావమ్మా. మాజీ ప్రియుడు తుపాకీతో కాల్చినా కోలుకుని ఆస్పత్రిలో ఉద్యోగం చేసింది. తర్వాత లాస్ ఏంజెలిస్ పోలీసుల రేడియో ముందు కూర్చుని పనిచేసింది. 1981లో కారు ప్రమాదంలో వెన్ను విరిగితే మళ్ళీ లేచి నిలబడింది. ఇదంతా ఎవరి కంటికి మరుగు?

నలభై ఏళ్ళుగా నేను నమ్ముతున్నది ఒకటే. ఆడి బతికే మనిషి గురించి రాసేటప్పుడు ముందు ఆమె పనిని చూడాలి. నువ్వు మొదటి రెండు పేజీలు ఆమె ఒంటికీ, తర్వాతి మూడు పేజీలు పదేళ్ళు నిండకముందే ఆమె మీద ఐదుగురు చేసిన అఘాయిత్యానికీ ఇచ్చావు. ఆ ఐదుగురి మీదా పగ తీర్చుకున్నానని చెప్పింది ఆమే కాబట్టి దాన్ని ఆమె మాటగానే రాయి, నువ్వు పక్కనుండి చూసినట్టు రాయకు. ఆ కసే ఆమె సినిమాలో వేసిన వార్లా పాత్రగా మారిందని తేల్చేయడం ఈ కాలపు పత్రికలు నేర్పిన తేలిక దారి. 1965లో వచ్చిన ఆ సినిమా, 'ఫాస్టర్, పుస్సీక్యాట్! కిల్! కిల్!' మరోసారి చూడు. మొజావీ ఎడారిలో, నల్ల దుస్తుల్లో, నల్ల చేతిజోళ్ళతో ఆమె ఒక కుర్రవాణ్ణి మట్టి కరిపించే చోట డూపు లేదు. ఆ కాళ్ళ నిలకడ కసి వల్ల రాదు. ఏళ్ళ తరబడి బర్లెస్క్ అనే శృంగార నృత్య ప్రదర్శనల వేదికల మీద ఆడటం వల్లా, పోరాట విద్యలు సాధన చేయడం వల్లా వస్తుంది.

నువ్వు దాటేసిన మరో సంగతి నా గుండెను పిండింది. 1938లో హొక్కైడోలో పుట్టిన ఆ పిల్లను, జపాను రక్తం ఉందన్న కారణానికి, యుద్ధకాలంలో కాలిఫోర్నియాలోని మంజనార్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. జపాను మూలాలున్న సుమారు 1,20,000 మందికి పట్టిన గతే అది. ఆ తర్వాత కొన్నేళ్ళకే అదే దేశపు వేదికల మీద ఆమెకు కూడు పెట్టిన పేరు 'మిస్ జపాన్ బ్యూటిఫుల్'. ఏ రక్తానికి ముళ్ళకంచె వేశారో ఆ రక్తానికే టికెట్టు పెట్టి అమ్మారు. నీ వ్యాసానికి వెన్నెముక ఇక్కడుంది.

నాకూ ఇలాంటి అనుభవం ఒకటుంది. కుర్రతనంలో కోడంబాక్కంలో ఒక క్లబ్ డాన్సుల నటి ఇంటికి వెళ్ళాను. ఆమె చాప మీద కూర్చుని, మర్నాటి షూటింగు కోసం నెట్టు గుడ్డకు తానే చమ్కీలు కుట్టుకుంటోంది. గిరగిర తిరిగినప్పుడు తెగకుండా జంట దారం ఎలా పోయాలో నాకు చూపించింది, వేలికి సూది గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని మళ్ళీ కుట్టింది. నేను రాసిందంతా ఆ సూది గురించే. వారపత్రిక సంపాదకుడు దాన్ని మొత్తం కొట్టేసి, ఆమె నడుము కొలత వేసి, నోరారా పలకలేని శీర్షిక పెట్టి, నా పేరుతో అచ్చేశాడు. ఆమె మళ్ళీ నాకు తలుపు తీయలేదు. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలనీ నేను కోరుకోను.

ప్రచురణకర్తల గురించీ, పారితోషికం గురించీ అడిగావు. వాటి సంగతి మరోసారి చూద్దాం. ముందు ఆ వాక్యం కొట్టెయ్యి. రేడియో ముందు కూర్చుని, అవతలి గొంతు వింటున్న ఆ మనిషితో వ్యాసం మొదలుపెట్టి, నాకు మళ్ళీ పంపు.